మాస్టారి గదిలో చిటుక్కుమన్న చప్పుడు

నేను చెప్పకుండా దాచింది ఇది. కాకినాడలో మా కామేశ్వరరావు మాస్టారి కంప్యూటర్ని పాడుచేసింది నేను. ఆ నింద సుగుణ అనే అమ్మాయి మీద పడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. నన్ను అడిగినప్పుడు "నేనింకా ముట్టుకోలేదండి" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆ అమ్మాయికి ఉద్యోగం పోయింది, నేర్చుకున్న విద్యా పోయింది. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట సరిదిద్దుకునే వీలు నాకు ప్రతిరోజూ ఉంది. సరిదిద్దుకోలేదు.

ఇప్పుడు రాజమండ్రిలో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. పోయిన కార్తీకంలో రిటైరైన బ్యాంకు గుమాస్తా ఒకాయన ఆటోలో ఒక పాత మిషను వేసుకొచ్చారు. పసుపురంగుకి తిరిగిన ఇనప కేబినెట్టు, దాని మీద బొజ్జ ఉన్న చిన్న మానిటరు. "అమ్మడానికి కాదండి. ఊరికే, ఆ ఆకుపచ్చ అక్షరాలు ఇంకొక్కసారి చూద్దామని" అన్నారు. స్క్రూలు విప్పి మూత తీశాను. పాత దుమ్ము, ఎన్నోసార్లు వేడెక్కి చల్లారిన వైర్ల వాసన గుప్పుమని ముక్కుకి తగిలింది. లోపలికి పెట్టబోయిన నా చెయ్యి బోర్డుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. "ఏంటండీ, షాక్ కొట్టిందా?" అన్నారాయన. ప్లగ్గు కూడా పెట్టలేదు, షాకెక్కడిది. వెనక నుంచి ఎవరో నా చొక్కా కాలరు పట్టుకుని ఆపినట్టు అనిపించింది. తిరిగి చూస్తే గోడ తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం మా ఆవిడకి మొదటిసారి అంతా చెప్పాను. పూర్తిగా విని, "నాకెందుకు చెప్తున్నారు? మీరు అన్యాయం చేసింది నాకా?" అంది.

మాస్టారు ఎరువుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి. ఇంటి ముందు హాల్లో ఆరు కంప్యూటర్లు పెట్టి పిల్లలకి కోర్సులు చెప్పేవారు. లోపల ఒక చిన్న గది, దానికి మాత్రమే ఏసీ. ఫ్యాక్టరీ వాళ్ళు పక్కన పారేసిన పాత మిషనొకటి ఆ గదిలో ఉండేది. అప్పటికే బయట రంగుల తెరలు వచ్చేశాయి. అయినా ఆయనకి ఆ మిషనంటేనే ఇష్టం. పొద్దున్నే కాఫీ తాగకముందే పెరట్లోకి వెళ్ళి, కరెంటు భూమిలోకి దిగే ఎర్త్ గొయ్యి తడారకుండా రెండు బకెట్ల నీళ్ళు పోసేవారు. ఉప్పూ బొగ్గులూ వేసి, ఇనప గొట్టం దింపి, ఆయనే దగ్గరుండి తీయించుకున్న గొయ్యి అది. పక్కింటివాళ్ళు అదేదో మొక్కు అనుకునేవారు. ఒకావిడ ఆ గొట్టానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టి వెళ్ళింది. హాల్లో మేం అడుగు పెట్టేసరికి వంటింట్లోంచి పప్పు తాలింపు, లోపలి గదిలోంచి సాల్డరింగ్ పొగ, రెండు వాసనలూ కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఇంగువ వాసన తగిలితే నాకు సీసం కరుగుతున్నట్టే ఉంటుంది.

ఏ మిషనైనా సరే మూత తీసేముందు మాస్టారిది ఒక పద్ధతి. చెప్పులు బయటే. టెరిలిన్ చొక్కా విప్పి మేకుకి తగిలించి నూలు బనీనుతో కూర్చునేవారు. పాత వాచీ చైనుకి ఒక వైరు కట్టి తనే తయారుచేసుకున్న స్ట్రాప్ మణికట్టుకి పెట్టుకుని, రెండో కొస ఎర్తుకి తగిలించేవారు. చివరగా అరచెయ్యి కేబినెట్టు ఇనుము మీద ఆనించి ఒక్క క్షణం అలా ఉండేవారు. ఒంట్లో పోగైన కరెంటు దిగిపోవడానికే అదంతా. కొత్తగా చేరిన పిల్లలు మాత్రం ఆయన దణ్ణం పెట్టుకుంటున్నారనుకుని, వాళ్ళూ కేబినెట్టు ముట్టుకుని చేతులు కళ్ళకద్దుకునేవారు. మొదట్లో ఆయన నవ్వి వివరించేవారు. తర్వాత విసుగొచ్చి, "దణ్ణమే పెట్టుకోండ్రా, ముందు ముట్టుకోండి" అని వదిలేశారు.

నేను పాలిటెక్నిక్ చదివి ఆయన దగ్గర పనికి చేరినవాణ్ణి. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. నాకు ఇదంతా చాదస్తంగా కనిపించేది. "మాస్టారూ, ఇది కాకినాడండి. డబ్బాలో ఉప్పు నీరుకారిపోయే ఊరు. స్టాటిక్ ఎక్కణ్ణించి వస్తుందండి ఇక్కడ?" అనేవాణ్ణి. "ఊరు తడే శ్రీనూ. ఏసీ గది ఊళ్ళో లేదు, అందులో గాలి పొడి" అనేవారాయన. "నైలాన్ చీర మడత విప్పితే చిటపటమంటుంది చూడు, అదే ఇది. మనకి చీమ కుట్టినట్టుంటుంది. చిప్పుకి పిడుగు పడ్డట్టుంటుంది. పైగా అప్పుడే చావకపోవచ్చు. పనిచేస్తున్నట్టే ఉండి ఎప్పుడో చస్తుంది. ఎవరు చంపారో ఎవరికీ తెలీదు."

ఆయన చెప్పినవన్నీ తూచా తప్పకుండా పాటించింది సుగుణ ఒక్కతే. జగన్నాయకపురంలో లూథరన్ చర్చి దగ్గర ఇల్లు, తండ్రి మిషన్ స్కూల్లో టీచరు. టైపింగు నేర్చుకుందామని వచ్చి, మాస్టారు సాల్డరింగ్ చేస్తుంటే చూసి, తనకీ అదే కావాలంది, నేర్చుకుని అక్కడే పనికి కుదిరింది. అప్పట్లో ఆడపిల్లలంటే కీబోర్డు దగ్గర కూర్చోవడమే. మూత విప్పిన ఆడపిల్లని ఆ ఊళ్ళో ఇంకెక్కడా నేను చూడలేదు. ఎప్పుడూ నూలు బట్టలే, కాలికి చెప్పు ఉండేది కాదు. ఇనుము మీద చెయ్యి ఆనించి నిలబడితే నేను ఏడిపించేవాణ్ణి. "సుగుణగారూ, ప్రార్థన అయిందా అండీ?" "అయిందండి. మీ గురించి కూడా చేశాను. మీ పాలిస్టర్ చొక్కా మాత్రం దేవుడి వల్ల కూడా కాదంట." మాస్టారు పడీపడీ నవ్వేవారు. తన తర్వాత హార్డ్‌వేర్ పనంతా ఆ అమ్మాయే చూసుకోవాలని ఆయన ఉద్దేశం. నా ముందే ఆ మాట రెండుసార్లు అన్నారు. నాకది లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి.

పాత మిషన్లో మాస్టారు సరదాకి ఒక చిన్న ప్రోగ్రాం పెట్టుకున్నారు. స్విచ్ వేయగానే తెర మీద ఒక వాక్యం వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. నలభై దాకా వాక్యాలు రాసిపెట్టారు. ఏ రోజు ఏది వస్తుందో ఆయనకీ తెలీదు. "సుగుణా, గొయ్యిలో నీళ్ళు పోశావా?" అనీ, "కాఫీ చల్లారిపోతోంది" అనీ. వాటిలో ఎక్కువ భాగం ఆయన భార్య రాజ్యలక్ష్మి గారికే. ఆవిడకి బీపీ, మందు మర్చిపోయేవారు. "రాజ్యం, మందు వేసుకున్నావా?" అని ఆకుపచ్చగా వచ్చేది. "నోటితో అడిగి చావచ్చుగా" అని ఆవిడ వంటింట్లోంచి కేకేసేవారు.

ఆ వానాకాలం మాస్టారు గుండెపోటుతో పోయారు. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ హాలు తెరిచాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరం చీకటి తెరల ముందు కూర్చున్నాం. కరెంటు వచ్చింది. హాల్లో మిషన్లన్నీ మా స్విచ్చి కోసం చూస్తున్నాయి. తలుపు వేసి ఉన్న లోపలి గదిలో మాత్రం ఫ్యాను తిరిగిన చప్పుడు, తర్వాత డిస్కు గురగుర, తర్వాత బీప్. మాస్టారు చివరిసారి కూర్చున్నప్పుడు స్విచ్చి వేసే ఉంచారు. కరెంటు రాగానే దానంతటది లేచింది, అంతే. నాకు తెలుసు. అయినా తలుపు తియ్యడానికి నా చెయ్యి రాలేదు. రాజ్యలక్ష్మి గారు వచ్చి తీశారు. తెర మీదున్న అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివారు. రాజ్యం, మందు వేసుకున్నావా. ఆవిడ ఏడవలేదు. నెమ్మదిగా లోపలికి వెళ్ళి మాత్ర వేసుకుని వచ్చి, "వేసుకున్నానండి" అన్నారు తెరకి.

ఆ రోజు నుంచి ఆ గది మారిపోయింది. ఆవిడ కింద దట్టమైన తివాచీ పరిపించారు. రిటైర్మెంటు రోజు ఫ్యాక్టరీ వాళ్ళు ఆయనకి కప్పిన శాలువా కేబినెట్టు మీద కప్పారు. ఏసీ ఎప్పుడూ వేసే ఉండాలి, ఆయనకి ఉక్క పడదు. మధ్యాహ్నం భోజనమయ్యాక నైలాన్ చీరలో తివాచీ మీద కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఆయన రెక్సిన్ కుర్చీలో కూర్చుని, శాలువా సవరించి, ఇనుము మీద చెయ్యి పెట్టేవారు. చిటుక్కుమనేది. బయట హాల్లో మాకు కూడా వినపడేది. "చూశావా శ్రీనూ, పలికారు" అనేవారు. మాస్టారు ఆ మిషన్ని ఏ జబ్బు నుంచి కాపాడటానికి చొక్కా విప్పి కూర్చునేవారో, ఆవిడ ప్రేమకొద్దీ ఆ జబ్బునే పోగుచేసి దాని చుట్టూ కప్పుతున్నారు.

సుగుణ ఊరుకోలేక నన్ను పక్కకి పిలిచి, "అమ్మగారికి చెప్దామండి. శాలువా, తివాచీ తీయించేద్దాం. మిషను పోతుందండి" అంది. "పెద్దావిడ, ఏదో ఆసరా అనుకుంటోంది. ఎందుకండి పాడుచెయ్యడం" అన్నాను. దయగల మాటలాగే ఉంది కదా. నిజానికి ఆవిడ "పలికారు" అని చెప్పుకునే మనిషిని నేనయ్యాను. ఆ పెత్తనం నాకు బాగుంది. ఇంకొకటి కూడా ఉంది. ఒక మధ్యాహ్నం ఏదో కేబులు కోసం ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళాను. శాలువా పక్కగా నడుస్తుంటే దాని అంచు దారాలు ఒక్కొక్కటీ లేచి నిలబడి నా చేతి వైపు తిరిగాయి. చెయ్యి ఎటు జరిపితే అటు. నా ముంజేతి వెంట్రుకలు వాటి వైపు లేచాయి. ఎందుకలా అవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కేబులు వదిలేసి బయటికి వచ్చేశాను.

మాఘమాసం వచ్చేసరికి డిస్కు లోపల గీరుతున్న చప్పుడు మొదలైంది. ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఇంకో డిస్కు తగిలించి, మాస్టారి వాక్యాలన్నీ అందులోకి ఎక్కించేస్తే భయముండదని సుగుణా నేనూ అనుకున్నాం. రాజ్యలక్ష్మి గారు ఎంతో ఆలోచించి సరే అన్నారు. "జాగ్రత్తమ్మా సుగుణా. నీ చేతుల్లో పెడుతున్నాను" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ నా పేరు అనలేదు.

ఆ రోజు ఆవిడ భోంచేసి నడుం వాల్చారు. ఆ ఏడు వానల తర్వాత చినుకు లేదు, గొయ్యి పొడిగా ఉంది. "రెండు బకెట్లు పోసి స్ట్రాప్ తెస్తానండి. అప్పటిదాకా ముట్టుకోకండి" అని సుగుణ పెరట్లోకి వెళ్ళింది. నూతి గిలక చప్పుడు మొదలైంది. ఆ అమ్మాయి వచ్చేలోపు పని పూర్తిచేసి చూపించాలనిపించింది నాకు. డిస్కు సరిగా ఉందో లేదో చూద్దామని ముందు స్విచ్చి వేశాను. చాలాసేపు గీరి, తెర వెలిగింది. "శ్రీనూ, చొక్కా మార్చావా?"

నలభై వాక్యాల్లో అదొకటి. మాస్టారు ఉండగా ఒకసారి వచ్చింది కూడా, ఆయనా నేనూ నవ్వుకున్నాం. అన్ని రోజుల్లో ఆ రోజే అది ఎందుకు వచ్చిందో లెక్కగా చెప్పొచ్చు, నలభైకి ఒకసారి వస్తుంది. నేను లెక్కే చెప్పుకున్నాను. ఆ తెర మీద కోపమొచ్చినట్టు స్విచ్చి కట్టేసి, శాలువా ఒక్క లాగు లాగాను. చిటపటా మంది. తివాచీ మీద మోకాళ్ళతో జరిగి, మూత తీసి, ఇనుము ముట్టుకోకుండా నేరుగా లోపలికి చెయ్యి పెట్టాను. డిస్కు అడుగున పచ్చటి బోర్డు ఉంటుంది. నా వేలు అక్కడున్న చిప్పు కాలు దగ్గరికి వెళ్ళేసరికి చిటుక్కుమంది. ఎంత చిన్న చప్పుడో. ఆవిడ చేతి కింద రోజూ వినే చప్పుడే. ఈసారి అది ఇనుము మీద పడలేదు.

మళ్ళీ స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. డిస్కు గీరలేదు. తెర మీద ఆకుపచ్చ గీత ఒక్కటే కొట్టుకుంటూ ఉండిపోయింది. కట్టేశాను. మూత బిగించాను. శాలువా ఉన్నట్టే కప్పాను. పెరట్లో గిలక ఇంకా తిరుగుతూనే ఉంది. ముందు గుమ్మంలోంచి వీధిలోకి వెళ్ళి బడ్డీ దగ్గర టీ తాగాను. ఆ టీ రుచి ఏమిటో నాకు తెలీదు.

తిరిగి వచ్చేసరికి రాజ్యలక్ష్మి గారు లేచి గదిలో ఉన్నారు, అప్పుడే క్లాసుకి వచ్చిన పిల్లలు నలుగురు గుమ్మం దగ్గర మూగారు. సుగుణ స్ట్రాప్ చేతికి కట్టుకుని, శాలువా తీసి మడతపెట్టి, ఇనుము మీద చెయ్యి ఆనించి, అన్నీ మాస్టారు చెప్పినట్టే చేసింది. రెండో డిస్కు తగిలించింది. స్విచ్చి వేసింది. ఆకుపచ్చ గీత. మళ్ళీ వేసింది. గీత. చెమట పడుతోంది ఆ అమ్మాయికి. "ఏం చేశావే అమ్మాయ్?" అన్నారు రాజ్యలక్ష్మి గారు. గొంతు ఆవిడది కాదు. "పొద్దున కూడా నన్ను పలకరించారే. ఏం చేశావే?" సుగుణ నా వైపు చూసి, "శ్రీను గారూ, మీరేమైనా విప్పారా అండీ?" అంది. నింద వేసినట్టు కాదు. డాక్టరు రోగం అడిగినట్టు అడిగింది. అప్పుడన్నాను ఆ మాట. నేనింకా ముట్టుకోలేదండి.

"రేపట్నించి రావద్దమ్మా" అన్నారు రాజ్యలక్ష్మి గారు. సుగుణ స్ట్రాప్ విప్పి మేకుకి తగిలించి వెళ్ళిపోయింది. వీధిలో ఆ వారమంతా ఒకటే మాట, ఆ పిల్ల చెయ్యి పడి మాస్టారు రెండోసారి పోయారని. ఇంకో కంప్యూటర్ సెంటర్లో పని అడగడానికి వెళ్తే, అక్కడి యజమాని నవ్వుతూ "దూరంగా కూర్చోమ్మా, మావి అప్పు చేసి కొన్నవి" అన్నాడని తెలిసింది. అది విని నేనూ నలుగురితో పాటు నవ్వినట్టు గుర్తు. రాజ్యలక్ష్మి గారు మాత్రం ఆ గదిలో కూర్చోవడం మానలేదు. చచ్చిన మిషన్ మీద చెయ్యి పెడితే అదే చిటుక్కు. "పలికారు" అనడం పోయింది. "కోప్పడుతున్నారు శ్రీనూ. ఎందుకో చెప్పరు" అనేవారు. నేను అక్కడ ఇంకో నెల కూడా ఉండలేకపోయాను. రాజమండ్రి వచ్చేశాను. తర్వాత మూడేళ్ళకి ఆవిడ పోయారని విన్నాను, వెళ్ళలేదు.

ఇప్పుడు మిషన్లకి అంత నాజూకు లేదు. ప్రతి తీగ దగ్గరా ఏదో రక్షణ పెట్టే చేస్తున్నారు. కుర్రాళ్ళు తినే చేత్తో మెమరీ కార్డు పీకి గుచ్చుతారు, ఏమీ కాదు. ఎర్త్ గొయ్యికి నీళ్ళు పోసే ఇల్లు నేను చూసి ఎన్నేళ్ళయిందో. పాడైతే విప్పరు, మారుస్తారు. మంచిదే. ఆ రోజుల్లో ఒక్క వేలు చాలేది. దాన్ని వెనక్కి తీసుకునే దారి లేకపోయేది. కానీ నేను సుగుణకి చేసింది వేలితో చేసింది కాదు. మిషన్లు ఎంత బాగుపడినా ఆ సంగతి అలాగే ఉంటుంది.

మా ఆవిడ అన్న మాటకి కదిలి జగన్నాయకపురంలో వాకబు చేస్తే, సామర్లకోటలో బడి టీచరుగా ఉందని చెప్పారు. ఒక ఆదివారం చర్చి అయ్యే వేళ దాటాక వెళ్ళాను. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మొలాసిస్, అదే చెరకు మడ్డి వాసన వీధంతా పట్టేసి ఉంది. తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. జుట్టు సగం నెరిసింది. "శ్రీను గారా? రండి రండి" అని కుర్చీ వేసి, మజ్జిగ తెచ్చింది. గ్లాసు పట్టుకునే చెప్పేశాను. తాగి చెప్తే బాగుండదనిపించింది.

నా ఎదురుగా కూర్చుంది. తర్వాత "ఎక్కడ తగిలిందండి వేలు?" అంది. డిస్కు కింద బోర్డు మీద, కుడిచేతి వైపు చిప్పు దగ్గర అన్నాను. తల ఊపింది. "మూత తీసినప్పుడు ఒక స్క్రూ వదులుగా ఉందండి ఆ రోజు. శ్రీను గారు విప్పారేమో అనుకున్నాను. మీరు ముట్టుకోలేదన్నారుగా. నమ్మేశాను." చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "స్ట్రాప్ వైరు తెగిందేమో, నీళ్ళు తక్కువ పోశానేమో అని ఎన్నేళ్ళు లెక్కలు వేశానో. ఏదీ తేలలేదు. ఇంక నా చేతుల్లోనే ఏదో ఉందనుకున్నాను. మా బళ్ళో కంప్యూటర్ గది తాళం నా దగ్గరే ఉంటుందండి. పిల్లల్ని లోపలికి పంపి, నేను గుమ్మంలో నిలబడి పాఠం చెప్తాను. లోపలికి వెళ్ళను. ఎందుకు మేడం అంటే మోకాళ్ళ నొప్పంటాను."

తనే లేచి లోపలి గది వైపు తిరిగి, "ఏవండీ, ఒకసారి ఇలా వస్తారా?" అని పిలిచింది. భర్త వచ్చాడు, చేతిలో పేపరు, నెమ్మదస్తుడు. "ఈయన శ్రీను గారు. కాకినాడలో మాతో పనిచేసేవారు" అని చెప్పి, నా వైపు తిరిగి, "ఇప్పుడు నాకు చెప్పింది ఆయనకి కూడా చెప్పండి. అన్నీ సరిగ్గానే చేశానని నేను చెప్తే ఇన్నేళ్ళూ నన్ను ఓదార్చడానికే విన్నారు ఆయన" అంది.

మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను. మొదటిసారి కన్నా ఇది కష్టమైంది. "మాస్టారి మిషన్ని పాడుచేసింది నేనండి. మీ ఆవిడ అన్నీ సరిగ్గా చేసింది. ఆవిడ చెయ్యి పెట్టేసరికే అది చచ్చిపోయి ఉంది. ఆ సంగతి తెలిసి కూడా నేను ముట్టుకోలేదని అబద్ధం చెప్పాను. ఆవిడ మాస్టారి దగ్గర నాకన్నా బాగా నేర్చుకుందని నాకు కుళ్ళు. అందుకే తర్వాత కూడా నోరు విప్పలేదు" అన్నాను. తర్వాత ఆ అమ్మాయి వైపు, అంటే సుగుణగారి వైపు తిరిగాను. "తప్పు నాదండి. మీ చేతుల్లో ఏ దోషమూ లేదు. నన్ను క్షమించండి."